ఆకురాలు కాలానికి ఇంట్లో కొవ్వొత్తులు: ఎలా అమర్చితే బాగుంటుంది?

ఆకుపచ్చ_కిటికీ | శుక్రవారం, రాత్రి 8:10

పొద్దు బాగా కుదించుకుపోయింది. సాయంత్రం ఆరు కాకముందే లైట్లు వేయాల్సి వస్తోంది. ఆకురాలు కాలమంతా మా హాల్లో కొవ్వొత్తుల వెలుగు ఉండాలని ఎప్పటినుంచో కోరిక. ఈసారి మెరూన్ రంగు పిల్లర్ కొవ్వొత్తులు (స్తంభంలా లావుగా నిలబడేవి) మూడు, దంతపు రంగువి రెండు, చిన్న రేకు గిన్నెల్లో వచ్చే టీలైట్లు పద్దెనిమిది, దాల్చినచెక్క వాసన వచ్చే జార్ ఒకటి తెచ్చుకున్నాను. మా పాప రోజూ రాలిన ఆకులు ఏరుకొస్తుంది. ఎర్రవి, పసుపువి కలిపి బుట్టెడు పోగయ్యాయి.

నిన్నా మొన్నా అన్నీ టీవీ కింద అల్మరా మీద వరసగా పేర్చి వెలిగించాను. షాపులో ర్యాక్ చూసినట్టుంది తప్ప నేననుకున్న వెచ్చదనం రాలేదు. ట్యూబ్‌లైట్ వేసి ఉంచితే కొవ్వొత్తులు వెలుగుతున్నట్టే తెలియదు. ఆపేస్తే ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

ఇంకొకటి. ఆ ఆకుల్ని జిగురుతో పిల్లర్ల చుట్టూ అంటిద్దామనుకుంటున్నాను. ఎవరైనా చేశారా?

రెండో_అంతస్తు | శుక్రవారం, రాత్రి 8:32

జిగురు పని ఇవాళ పెట్టుకోకండి. మైనం పని తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళు చెప్పేదాకా ఆగండి.

నీలిమంట | శుక్రవారం, రాత్రి 9:05

ఆకుపచ్చ_కిటికీ గారూ, నాది నాటకాలకి లైటింగ్ చేసే పని. అందుకని వెలుగు సంగతి వరకు చెప్తాను.

వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తాం. ఒక కొవ్వొత్తి నలువైపులా ఇచ్చే వెలుగు మొత్తం సుమారు 12 ల్యూమెన్లు. పాతకాలపు 60 వాట్ల బల్బు ఇచ్చేది సుమారు 800. అంటే ఆ ఒక్క బల్బుకి సాటి రావాలంటే అరవై పైచిలుకు కొవ్వొత్తులు వెలిగించాలి. కాబట్టి వాటితో గదికి వెలుతురు రావాలని చూడొద్దు. గదికి వెలుతురు ఇంకోచోటు నుంచి రావాలి, అదీ కొవ్వొత్తిని మింగేయనంత తక్కువగా రావాలి.

రెండోది రంగు. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెప్తాం, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలపు తెలుపు. కొవ్వొత్తి మంట రంగు సుమారు 1900 కెల్విన్. తెల్లటి ట్యూబ్‌లైట్ 6500 దాకా ఉంటుంది. ఆ నీలపు తెలుపు పక్కన మంట వెలవెలబోతుంది, మొహాలు కూడా పాలిపోయినట్టు ఉంటాయి. పైకప్పు లైటు ఆపేసి, గదిలో కొవ్వొత్తులకి ఎదురు మూలన నేలకి దగ్గరగా ఒక చిన్న టేబుల్ ల్యాంప్ పెట్టండి. బల్బు 2700 కెల్విన్‌ది, 2200 దొరికితే ఇంకా మంచిది. దాన్ని గోడవైపు తిప్పండి. గోడ మీద పడి వచ్చిన వెలుగు చాలు, నడవడానికీ మాట్లాడుకోవడానికీ.

ఇక వరస సంగతి. ఒకే ఎత్తులో ఒకే గీతలో పెడితే కన్ను ఆ గీత వెంబడి జారిపోతుంది, ఎక్కడా నిలవదు. మూడు పిల్లర్లు మూడు ఎత్తుల్లో, ముక్కోణంలా పెట్టండి. ఒకే ఎత్తువి ఉంటే ఒకదాని కింద బోర్లించిన మట్టి మూకుడు, ఇంకోదాని కింద చదునైన రాయి. మిగతావి అల్మరా నుంచి తీసేయండి. ఒక గుంపు అక్కడ, ఇంకో చిన్న గుంపు గదికి అవతలి మూలన. రెంటికీ మధ్య చీకటి ఉండనివ్వండి. ఆ చీకటి ఉంటేనే మంట ముద్దొస్తుంది.

గుంపు వెనక ఒక అద్దం ఆనించి పెడితే మంటలు రెట్టింపవుతాయి. అద్దంలో ట్యూబ్‌లైటో టీవీనో కనపడకుండా చూసుకోండి, అంతే.

మైనం_చేతులు | శుక్రవారం, రాత్రి 9:48

నేను పదకొండేళ్ళుగా కొవ్వొత్తులు చేస్తున్నాను. నీలిమంట గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, దీని గురించి కొనేవాళ్ళకి ఎవరూ చెప్పరు.

మెరూన్ పిల్లర్లు వెలిగించనప్పుడు చాలా అందంగా ఉంటాయి. వెలిగించాక మాత్రం మంట ఒక్కటే కనపడుతుంది, ఒళ్ళు నల్లగా నిలబడిపోతుంది, ఎందుకంటే ఆ ముదురు రంగు వెలుగుని తాగేస్తుంది. దంతపు రంగుది అలా కాదు. మొదట్లో మామూలుగానే ఉంటుంది. మూడు నాలుగు సార్లు వెలిగాక మంట అంచు కన్నా రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అప్పుడు చూడాలి దాన్ని. పైభాగమంతా లోపలి నుంచి వెలుగుతుంది. అంచు దగ్గర పల్చగా తేనెరంగు, కిందికి వచ్చేకొద్దీ చిక్కటి పసుపు, ఇంకా కిందికి మామూలు తెలుపు. పక్కన చెయ్యి పెడితే వేళ్ళ మధ్య కూడా ఆ రంగే. మీరు అడుగుతున్న వెచ్చదనం అది.

కాబట్టి దంతపువి ముందుకి, మెరూన్‌వి వెనక్కి జరపండి. మెరూన్ పిల్లర్ అడుగున గోరుతో గీకి చూడండి. కొన్నింటికి లోపల తెల్ల మైనమే ఉంటుంది, పైన మాత్రం రంగులో ముంచి తీస్తారు. అలాంటిదైతే అదీ కొంత వెలుగుని బయటికి పోనిస్తుంది.

ఇక ఆకులు. అంటించకండి. వత్తి పని ఏమిటి? కరిగిన మైనాన్ని పీల్చుకుని పైకి తెచ్చి మంటకి అందించడం. ఎండిన ఆకు మైనంలో తడిస్తే అది కూడా వత్తే. పిల్లర్ గోడ కరిగి పల్చబడిన రోజున ఆకు అంచు మంటకి తగులుతుంది, ఇక అక్కడినుంచి ఇంకో మంట. నడిమధ్య వత్తికి ఒక లెక్క ఉంటుంది, కొవ్వొత్తి అడ్డుకొలతని బట్టి దాని మందం ఎంచుకుంటాం. పక్క నుంచి పుట్టిన ఈ రెండో వత్తికి లెక్కేమీ ఉండదు.

పొద్దుగూకే_వేళ | శుక్రవారం, రాత్రి 10:20

మైనం_చేతులు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నాను, నేను ఆరేడేళ్ళుగా ఆకులు అంటిస్తున్నాను. బాగా అదిమి ఎండబెట్టిన పల్చటి ఆకులు, వెడల్పాటి పిల్లర్ మీద. చెంచా వెనక భాగం వేడి చేసి ఆకు మీద నెమ్మదిగా రుద్దితే మైనంలోకి దిగిపోతుంది, జిగురుతో పనే లేదు. తర్వాత ఒక్కసారి కరిగిన మైనంలో ముంచి తీస్తాను. లోపలి వెలుగుకి ఆకు ఈనెలన్నీ కనపడతాయి. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

మైనం_చేతులు | శుక్రవారం, రాత్రి 10:41

ఈనెలు కనపడే అందం నాకు తెలుసు, మీరు చెప్పింది నిజం. మీ పిల్లర్ అడ్డుకొలత ఎంత?

పొద్దుగూకే_వేళ | శుక్రవారం, రాత్రి 10:44

పది సెంటీమీటర్లు. మధ్యలో గుంట పడ్డాక అందులో టీలైట్ పెట్టుకుంటాను. అసలు వత్తిని ఇక వెలిగించను.

మైనం_చేతులు | శుక్రవారం, రాత్రి 11:02

అందుకే మీకు ఇబ్బంది రాలేదు. మీరు వెలిగిస్తున్నది ఆ పిల్లర్‌ని కాదు, టీలైట్‌ని. పిల్లర్ చుట్టూ ఉన్న గూడు మాత్రమే. అంత వెడల్పు ఉండి, మంటకీ గోడకీ మధ్య తగినంత ఎడం ఉంటే గోడ మెత్తబడదు. కానీ ఆకుపచ్చ_కిటికీ గారు తెచ్చినవి మామూలుగా షాపుల్లో దొరికే ఏడు సెంటీమీటర్లవి అయి ఉంటాయి. వాటిలో కరిగిన మైనం అంచు దాకా వస్తుంది, రావాలి కూడా. అక్కడ ఆకు ఉండకూడదు.

మీరు చేసే పద్ధతే కావాలంటే లోపల బ్యాటరీ టీలైట్ పెట్టమని నా సలహా. ఈనెలు అప్పుడూ కనపడతాయి.

పొద్దుగూకే_వేళ | శుక్రవారం, రాత్రి 11:15

ఒప్పుకుంటున్నాను. వెడల్పు సంగతి చెప్పకుండా రాసి ఉండాల్సింది కాదు. చదివేవాళ్ళు సన్నటి పిల్లర్లకి చేస్తే ప్రమాదమే.

పాతగూడు | శనివారం, ఉదయం 7:25

టీలైట్లు పద్దెనిమిది అన్నారు చూసి ఇది రాస్తున్నాను. పోయినేడు ఇదే కాలంలో మా ఇంట్లో జరిగింది.

వెడల్పాటి పళ్ళెంలో ఇసుక పోసి, మధ్యలో పద్నాలుగు టీలైట్లు ఒకదానికొకటి ఆనించి గుండ్రంగా పెట్టాను. చుట్టూ ఎండుటాకులు. చూడముచ్చటగా ఉంది. గంట గంటన్నర అయ్యాక మంటలు అంతకుముందుకన్నా పొడుగ్గా కనిపించాయి. బాగానే వెలుగుతున్నాయి కదా అనుకున్నాను. అంతలో మధ్యలో ఉన్నవి రెండు మూడు కలిసిపోయి ఒకే మంట అయ్యాయి. ఆ మంట మూరెడు లేచింది. కంగారులో వంటింట్లోకి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి పోశాను.

ఆ తప్పు ఎవరూ చేయకండి. నీళ్ళు పడగానే భగ్గుమని పైకి లేచింది, మైనం చుక్కలు మండుతూ గోడ మీదికి చిమ్మాయి. నా ముంజేతి మీద రెండు చోట్ల కాలింది. మా వారు పెద్ద మూకుడు తెచ్చి పళ్ళెం మీద బోర్లిస్తే ఆగింది. గోడ మీద మచ్చ ఇప్పటికీ ఉంది, సున్నం వేయించాలి.

చేయి మానింది. కానీ ఆరోజు ఒంటరిగా ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటుంటాను.

మైనం_చేతులు | శనివారం, ఉదయం 8:10

పాతగూడు గారూ, చదువుతుంటేనే గుండె ఝల్లుమంది. క్షేమంగా ఉన్నారు, అది చాలు.

ఎందుకు జరిగిందంటే, టీలైట్లు పక్కపక్కన ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది. లోహపు గిన్నె మొత్తం వేడెక్కి, మైనం కరగడంతో ఆగక ఆవిరి అవుతుంది. మంట అంటుకునేది ఆ ఆవిరికే. కొంతసేపటికి వత్తితో పని లేకుండా మైనం ఉపరితలం మొత్తం మండుతుంది. నీళ్ళు పోస్తే అవి మైనం కిందికి వెళ్ళి ఒక్కసారిగా ఆవిరై, మండే మైనాన్ని పైకి విసిరేస్తాయి.

రెండు కొవ్వొత్తుల మధ్య ఎనిమిది సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి. మంట నుంచి ఆకులు, కర్టెన్, కాగితం, ఏదైనా సరే, ముప్పై సెంటీమీటర్ల అవతల ఉండాలి, గాజులో లేకపోతే. వెలిగించే ముందే పళ్ళేనికి సరిపడే మూత ఒకటి చేతికందేచోట పెట్టుకోండి.

ఆకుపచ్చ_కిటికీ | శనివారం, రాత్రి 9:30

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పాతగూడు గారూ, మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. టీలైట్లు అల్మరా మీద నుంచి తీసేశాను.

ఇవాళ చేసింది ఇది. ట్యూబ్‌లైట్ ఆపాను. సోఫా పక్కన నేల మీద చిన్న ల్యాంప్, గోడకేసి తిప్పి. దంతపువి రెండు, మెరూన్‌ది ఒకటి, మూడూ మూడు ఎత్తుల్లో. వెనక మా అత్తగారి పాత అద్దం. నిజంగా, గది మారిపోయింది. ఇంట్లోవాళ్ళు ఎవరూ చెప్పకుండానే టీవీ ఆపేసి వచ్చి కూర్చున్నారు.

కానీ మూడు ఇబ్బందులు. ఒక దంతపు పిల్లర్‌కి మధ్యలో సన్నగా బావిలా గుంట పడింది, అంచు చుట్టూ మైనం అలాగే నిలబడి ఉంది, మంట లోపల కొడిగడుతోంది. ఇది ముందు రెండురోజులూ అరగంట అరగంట వెలిగించి ఆపేసినది. రెండు, ఇంకోదాని మంట పొగ కక్కుతోంది, అద్దం పైన నల్లటి మసి. మూడు, దాల్చినచెక్క జార్‌తో మా పాపకి తలనొప్పి వచ్చింది.

మైనం_చేతులు | శనివారం, రాత్రి 10:15

మొదటిది ఆ అరగంటల వల్లే వచ్చింది. కొత్త కొవ్వొత్తిని మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం అంచు దాకా చేరేవరకు ఆపకూడదు. అడ్డుకొలతలో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకి గంట చొప్పున లెక్క, మీ పిల్లర్‌కి దాదాపు మూడు గంటలు. ముందే ఆపేస్తే తర్వాత కూడా ఆ మేరకే కరుగుతుంది, గుంట లోతవుతుంది. అలాగని ఒకేసారి నాలుగు గంటలు దాటనివ్వకండి.

బాగుచేయొచ్చు. అల్యూమినియం ఫాయిల్‌ని పైఅంచు చుట్టూ టోపీలా చుట్టి, నడిమధ్య రూపాయి బిళ్ళంత కన్నం వదిలి వెలిగించండి. వేడి లోపలే తిరిగి అంచు మైనం కరిగి చదునవుతుంది. గంటో రెండు గంటలో పడుతుంది, పక్కనే ఉండి చూసుకోండి. ఫాయిల్ తీసేటప్పుడు చేతికి గుడ్డ ఉండాలి.

మసికి కారణం వత్తి పొడుగు. వత్తి పొడుగైతే అది లాగే మైనం ఎక్కువ, అంతా కాలడానికి గాలి చాలదు, కాలని కార్బన్ మసిగా పైకి పోతుంది. వెలిగించే ప్రతిసారీ ముందు, చల్లారాకే, ఆరు మిల్లీమీటర్లకి కత్తిరించండి. కొసన నల్లటి పుట్టగొడుగులా ఉంటే అదీ తీసేయండి. ఆ నలుసులు మైనంలో పడనివ్వకండి.

దీని వెనక చిన్న చరిత్ర ఉంది. ఒకప్పుడు కొవ్వొత్తి అంటే నిజంగా కొవ్వూ వత్తే. జంతువుల కొవ్వుతో చేసేవాళ్ళు, మన మాటలో అది అలాగే నిలిచిపోయింది. ఆ వత్తిని మాటిమాటికీ కత్తిరిస్తూ కూర్చోవాల్సి వచ్చేది. 19వ శతాబ్దంలో జడలా అల్లిన నూలు వత్తి వచ్చింది. అది కాలుతూ ఒక పక్కకి వంగుతుంది, వంగిన కొస మంట అంచున ఉండే ఎక్కువ వేడిలోకి వెళ్ళి తనంత తాను కాలిపోతుంది. మీ కొవ్వొత్తిని దగ్గరగా చూడండి, ఆ వంపు, కొసన ఎర్రటి నిప్పు చుక్క కనిపిస్తాయి. అయినా వెలిగించేముందు కత్తిరించడం మాత్రం మనమే చేయాలి.

రెండో_అంతస్తు | శనివారం, రాత్రి 10:22

మసికి ఇంకో కారణం గాలి. మంట ఒకవైపుకే వాలుతోందా? మా ఇంట్లో ఎన్నిసార్లు కత్తిరించినా ఆగలేదు. చివరికి టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి గదంతా పట్టుకు తిరిగాను. తలుపు కింద సందు దగ్గర ఆ పోగు ఊగింది. కొవ్వొత్తులు రెండు మీటర్లు పక్కకి జరిపాను. మసీ పోయింది, మైనం ఒక పక్కకి కారడమూ పోయింది.

చిట్టిచిలక | శనివారం, రాత్రి 10:50

వాసన గురించి. మా ఇంట్లో ఒకరికి ఉబ్బసం, పైగా రెండు లవ్‌బర్డ్స్ ఉన్నాయి. పక్షుల ఊపిరితిత్తులు చాలా సున్నితం, పొగైనా ఘాటు వాసనైనా తట్టుకోలేవు. అందుకని వాటి గదిలో ఏ కొవ్వొత్తీ వెలిగించం. హాల్లో వాసన లేనివే.

కాలం తెలియాలంటే వాసన కాలుతూనే రావాలని ఏముంది? దాల్చినచెక్క, లవంగాలు, ఎండిన నారింజ తొక్క ఒక మట్టి గిన్నెలో వేసి, మంటకి దూరంగా, మనుషులు నడిచే దారిలో పెడతాను. పక్కగా వెళ్ళినప్పుడు లీలగా తగులుతుంది. ఎవరికీ తలనొప్పి రాదు. దాల్చినచెక్కలు కొవ్వొత్తి చుట్టూ దారంతో కట్టడం చూస్తుంటాను. అవి ఎండు పుల్లలు, పుల్లల్లాగే అంటుకుంటాయి.

మైనం_చేతులు | శనివారం, రాత్రి 11:05

చిట్టిచిలక గారి మాటకి తోడుగా: వాసన జార్ పెట్టాలనుకుంటే ఇంట్లో ఒక్కటే, పెద్ద గదిలో, కిటికీ కొంచెం తీసి, గంటకి మించకుండా. పాపకి తలనొప్పి వచ్చింది కాబట్టి నేనైతే అది వెలిగించను. మూత తీసి ఊరికే పెట్టినా వాసన వస్తుంది.

తేనెమైనం దొరికితే ఒక్కటి తెచ్చుకోండి. వాసన కలపకపోయినా దానికి సహజంగానే లేత తేనె వాసన ఉంటుంది. కరిగే వేడి 62 నుంచి 64 డిగ్రీలు, మామూలు పారాఫిన్ (పెట్రోలియం నుంచి తీసే మైనం) పిల్లర్ల కన్నా ఎక్కువే, అందుకే నెమ్మదిగా కాలుతుంది. కొన్నాళ్ళుంటే పైన తెల్లటి పొడిలా పేరుకుంటుంది. బూజు కాదు, భయపడకండి. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ పసుపు రంగు ఈ కాలపు ఆకుల పక్కన ఎంత బాగా కలుస్తుందో చెప్పలేను.

ఎండుటాకు | ఆదివారం, ఉదయం 9:40

ఆకుల గురించి ఎవరూ ఇంకా విడిగా చెప్పలేదు, నాకు ఇష్టమైన పని అదే.

ఏరుకొచ్చిన ఆకులు బుట్టలో వదిలేస్తే రెండు రోజుల్లో ముడుచుకుపోతాయి. తెచ్చిన రోజే తడి తుడిచి, పాత వార్తాపత్రికల మధ్య విడివిడిగా పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు కాగితం మార్చాలి, చెమ్మంతా దానికే పడుతుంది. పది రోజులకి చదునుగా, గలగలమంటూ తయారవుతాయి.

మెత్తగా ఉండాలంటే ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి, వెడల్పు పళ్ళెంలో ఆకులు మునిగేలా పెట్టి పైన ఇంకో పళ్ళెం బరువుగా ఉంచండి. నాలుగైదు రోజులకి తోలులాగా వంగుతాయి. రంగు కొంచెం ముదురుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, మెత్తగా ఉంది కదా అని అంటుకోదనుకోవద్దు. అంటుకుంటుంది.

పాపకి ఆసక్తి ఉంటే ఇదీ చెప్పండి. ఆకులోని పసుపు రంగు ఎండాకాలంలో కూడా అందులోనే ఉంది, పైన ఆకుపచ్చ కప్పేసింది. చలికి పత్రహరితం విరిగిపోయాక అడుగున ఉన్నది బయటపడింది. ఎరుపు మాత్రం చాలా చెట్లు ఈ కాలంలోనే కొత్తగా తయారు చేసుకుంటాయి. నాకిది తెలిసినప్పటినుంచి పసుపు ఆకుని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కొత్తగా అనిపిస్తుంది.

అమరిక విషయానికొస్తే: రెండు గాజు పాత్రలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్నదాన్ని పెద్దదానిలో పెట్టండి. రెంటి మధ్య సందులో ఆకులు నిలబెట్టండి, చిన్నదాని అంచుకి కిందే ఉండేలా. లోపలి పాత్రలో అంగుళం ఇసుక, దాని మీద టీలైట్ ఒక్కటే. మంట లోపల, ఆకు బయట, మధ్యలో గాజు గోడ. జిగురు లేకుండానే ఈనెలు కనపడతాయి.

నీలిమంట | ఆదివారం, ఉదయం 10:10

ఎండుటాకు గారి రెండు గాజుల పద్ధతి చాలా బాగుంది. లోపలి పాత్ర మరీ సన్నగా, లోతుగా ఉండకూడదని మాత్రం చూసుకోండి. పైనుంచి గాలి లోపలికి దిగాలి, వేడి అదే దారిన బయటికి పోవాలి. ఇరుకైతే మంట ఊపిరాడక పొగ కక్కుతుంది. గాజుకి చిన్న పగులు ఉన్నా వాడకండి, వేడికి అక్కడే చిట్లుతుంది. తల్లకిందులు చేసి, వేలితో అంచు తడిమి చూస్తే తెలుస్తుంది.

తొలిజాము | ఆదివారం, మధ్యాహ్నం 1:15

మా ఇంట్లో రెండేళ్ళ బాబు, తోకతో అన్నీ పడేసే పిల్లి. బ్యాటరీ కొవ్వొత్తులు పెట్టుకుంటే చిన్నతనమా? ఇక్కడ అందరూ నిజం మంట గురించే మాట్లాడుతున్నారు.

నీలిమంట | ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఎంతమాత్రం కాదు. స్టేజీ మీద మేమూ ఎక్కువగా అవే వాడతాం. బయట నిజం మైనం, లోపల ఎల్‌ఈడీ ఉన్నవి తీసుకోండి. మైనం నుంచి వచ్చే వెలుగు కాబట్టి దంతపు పిల్లర్ వెలిగినట్టే ఉంటుంది. అన్నీ ఒకే లయలో మిణుకుమంటే మాత్రం కన్ను పట్టేస్తుంది, అందుకని ఒక్కోదాన్ని ఒక్కో క్షణంలో ఆన్ చేయండి. చాలావాటికి ఆరు గంటలు వెలిగి పద్దెనిమిది గంటలు ఆగే టైమర్ ఉంటుంది, రోజూ ఒకే వేళకి అవే వెలుగుతాయి. కాలం అయ్యాక దాచేముందు బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలంతా పాడవుతుంది.

పడకగదిలో, పుస్తకాల అరలో, కర్టెన్ పక్కన పిల్లలు లేని ఇంట్లో కూడా ఇవే పెట్టాలి. నిజం మంట మనం కూర్చునే చోట, మన కళ్ళ ముందు. గదిలోంచి లేచి వెళ్తే ఆర్పేసి వెళ్ళాలి.

తొలిజాము | ఆదివారం, మధ్యాహ్నం 1:52

చాలా సంతోషం అండీ. మనసులో ఉన్న టెన్షన్ పోయింది. ఇవాళే ఆకుల కోసం వెళ్తాం.

పాతగూడు | ఆదివారం, సాయంత్రం 4:30

గుడ్డ మీద మైనం పడితే ఏం చేయాలో ఎవరైనా అడుగుతారని ముందే రాస్తున్నాను. తడిగా ఉన్నప్పుడు తుడవకండి, లోపలికి ఇంకుతుంది. ఐస్ ముక్క పెట్టి గట్టిపడనిచ్చి, చెంచా అంచుతో గీకండి. మిగిలిన మరకకి పైనా కిందా తెల్ల కాగితం పెట్టి మీడియం వేడి ఇస్త్రీపెట్టె ఆనించండి, కాగితం పీల్చేస్తుంది. గాజులో అడుగున మిగిలినదానికి ఫ్రీజర్‌లో రెండు గంటలు. మైనం కుంచించుకుని బిళ్ళలా ఊడివస్తుంది. వేడినీళ్ళతో కరిగించి సింక్‌లో మాత్రం పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది.

ఆకుపచ్చ_కిటికీ | ఆదివారం, రాత్రి 10:20

ఇవాళ్టి సంగతి చెప్పి పడుకుంటాను.

ఫాయిల్ టోపీ పనిచేసింది. గంటా ఇరవై నిమిషాలకి గుంట అంచు దాకా చదునైంది. వత్తులు కొలబద్ద పెట్టి మరీ కత్తిరించాను, మసి రాలేదు. మెరూన్ పిల్లర్ అడుగు గీకితే లోపల కూడా మెరూనే. అందుకని వాటిని వెలిగించకుండా వెనక నిలబెట్టాను, ముందున్న దంతపు రంగుకి అవి మంచి నీడలా ఉన్నాయి. భోజనాల బల్ల మీద రెండు గాజులది ఒక్కటే, కళ్ళకి అడ్డం రాకుండా పొట్టిగా. ఆకులు ఇంకా అదమాలి కాబట్టి ఇవాళ్టికి పచ్చివే పెట్టాం, పాప ఆగలేకపోయింది.

నీలిమంట | ఆదివారం, రాత్రి 10:31

పాప మేలుకునే ఉంటే ఒకటి చూపించండి. కొవ్వొత్తి ఆర్పగానే వత్తి నుంచి తెల్లటి పొగ సన్నగా లేస్తుంది కదా, వెంటనే అగ్గిపుల్ల గీసి వత్తికి అంగుళం పైన ఆ పొగకి తగిలించండి. మంట పొగ వెంబడి కిందికి దూకి వత్తిని వెలిగిస్తుంది. ఆ పొగ గాలిలో చల్లారుతున్న మైనం ఆవిరే. మైఖేల్ ఫారడే అనే శాస్త్రవేత్త 1860-61 చలికాలంలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకి ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. వాటిలో దీన్నీ చూపించాడు. గాలి కదలకుండా ఉండాలి, అగ్గిపుల్ల మీ చేతిలో ఉండాలి.

ఆకుపచ్చ_కిటికీ | ఆదివారం, రాత్రి 10:55

చూపించాను. మొదటి రెండుసార్లు రాలేదు, ఫ్యాన్ ఆపడం మర్చిపోయాను. మూడోసారి మంట దూకింది. పాప అరిచిన అరుపుకి లోపల పడుకున్న మా అత్తగారు లేచి వచ్చారు. ఆవిడకి కూడా చూపించమంది. ఇంకో నాలుగుసార్లు చేశాం. ఇప్పుడు అన్నీ ఆర్పేశాను, దంతపు పిల్లర్ ఇంకా ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.